రాజభాష, ప్రజాభాష
ఈజిప్టు సర్కారు పత్రిక చరిత్రము

దొరతనమువారు పత్రికను ప్రకటింపబూనినపుడు ఏ భాషకు ముందు చోటు నీయవలెను? ఏలువారి భాషకా, ఏలబడువారి భాషకా? అరబ్బీ పత్రికల చరిత్రము ఈ ప్రశ్నతోనే మొదలైనదనవచ్చును. మధుర, కోయంబత్తూరు సీమలలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగువారును ఈ చరిత్రము నెఱుగదగును.

1805 మొదలు ఈజిప్టు నేలిన మహమ్మదాలీ పాషా 1828 డిసెంబరు 3వ తేదీన ‘అల్ వకాయీ అల్ మిస్రియా’ యను సర్కారు పత్రికను వెలువరించెను. ‘ఈజిప్టు వృత్తాంతములు’ అని దాని యర్థము. పాషాయు, ఆయన పెద్దయుద్యోగులును తురుష్కభాష మాటలాడువారు. ప్రజలో అరబ్బీ మాటలాడువారు. కావున పత్రిక రెండు భాషలలోను వెలువడెను. వార్తను ముందుగా తురుష్కమున వ్రాసి, పిదప అరబ్బీలోనికి మార్చెడివారు. నాడు రెండు భాషలకును లిపి కుడినుండి యెడమకు సాగునదే గనుక, పుటలో కుడివైపే ముందు చోటు. అది తురుష్కమునకు దక్కెను. నేల యెవరిదో వారి భాష యెడమవైపున నిలిచెను.

1842లో పత్రికాభారము రిఫా తహ్తావీ చేతికి వచ్చెను. 1826లో విద్యార్థిబృందముతో పారిసునకు బోయి, 1831లో మరలివచ్చి, భాషాపాఠశాలను నడపిన పండితుడాయన. ఆయన అరబ్బీని కుడివైపునకు దెచ్చెను. అరబ్బీ మూలమాయెను, తురుష్కము అనువాదమాయెను. ఈ మార్పు సుఖముగా సాగలేదు. తరువాతి పాలకుడగు అబ్బాసు ఆ పాఠశాలను మూయించి, 1850లో తహ్తావీని ఖార్టూమునకు బంపివేసెను. అయినను కాలము అరబ్బీ పక్షముననే నడచెను.

1880లో మహమ్మదు అబ్దూ సంపాదకుడై, కచేరీ వ్రాతల మొఱకుదనమును దిద్ది, విద్యావిషయములను చర్చకు దెచ్చెను. 1919నాటి జాతీయోద్యమమునకు నాయకుడైన సాదు జగ్లూలు ఆయనక్రింద పనిచేసినవాడే. కాని సర్కారు పత్రికకు సర్కారే హద్దు. 1882లో ఆంగ్లేయుల సేన దేశము నాక్రమించిన పిమ్మట అబ్దూ దేశాంతరవాసమున కేగవలసివచ్చెను. పత్రిక తుదకు ప్రభుత్వ ప్రకటనల గెజిటుగా మిగిలెను. ఆ సంపాదకులు తొలగిపోయినను వారు సానబట్టిన అరబ్బీ గద్యము నిలిచినది. ఏలికల భాషయగు తురుష్కము ఏలికలతోనే దేశమును వీడినది.

ఇక మధురను జూతము. 1529లో విశ్వనాథ నాయకునితో మొదలైన నాయకరాజ్యము 1736లో అంతరించెను. అచట ఆస్థానము తెలుగు, దేశము తమిళము. సింహాసనము పోయినంతనే కొలువులోని తెలుగునకు నిలువనీడ లేకపోయెను. అయినను ఈజిప్టు తురుష్కమువలె తెలుగు మాయము కాలేదు. ఏలయనగా, అది రాజుల నోటనే కాక దేవాంగుల మగ్గములకడను, కమ్మవారి పొలములలోను బ్రదికియుండెను. కోయంబత్తూరునకు యంత్రనిర్మాణమున పేరుదెచ్చిన జి. డి. నాయుడు అట్టి తెలుగు కుటుంబమున బుట్టినవాడే. కొలువు పోషింపని భాషను కుటుంబము పోషించినది.

కాని కుటుంబము పలుకు నీయగలదు. అక్షరము నీయవలెనన్న బడి కావలెను. ఆ సీమలలో ఇంట తెలుగు మాటలాడుచు తమిళలిపిలో మాత్రమే వ్రాయగలవారు పెక్కురు. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడును, 1956లో భాషారాష్ట్రము లేర్పడినపుడును వారు ఎల్లకు ఈవలనే మిగిలిరి. 2006నాటి చట్టము బడులలో ఒకటవ తరగతి మొదలు పదవ తరగతివరకు తమిళమును అంచెలంచెలుగా నిర్బంధపాఠ్యముగా జేసినది. తాము నివసించు దేశపు భాషను నేర్చుట న్యాయమే. అరబ్బీకి కుడివైపు చోటు కోరిన న్యాయమే అది. అందుకై తల్లిభాష పుటనుండియే తొలగిపోనక్కఱలేదు. ఎడమవైపుననైనను దానికొక చోటుండవలెను.

ఆ చోటును సర్కారే కల్పింపవలెనని కూర్చుండుట మంచిది కాదు. రాజధానిలో వకీళ్లుగను, వైద్యులుగను, ఉపాధ్యాయులుగను పేరొందిన తెలుగువారు తలచినచో, మధురలోను కోయంబత్తూరులోను వారమున కొకనాడు పిల్లలకు ఓనమాలు దిద్దించు ఏర్పాటు చేయుట అసాధ్యమా? కొలువు లేకయే దాదాపు మూడు శతాబ్దములు నిలిచిన పలుకిది. అక్షరము లేక ఇంకెన్నాళ్లు నిలుచునో తేల్చుట మన చేతిలోనిపని.