హాన్లే లోయ: ఎత్తులో మేటి, చీకట్లో మేటి

ఎత్తుల పోటీలో కిరీటం రోడ్డుకే! లడఖ్‌లో హాన్లే లోయకు ఎగువన, లికారు నుంచి ఫుక్చేకు పోయే దారిలో మిగ్ లా అనే కనుమ ఉంది. ఎత్తు 19,400 అడుగులు. 2025 అక్టోబరులో సరిహద్దు రహదారుల సంస్థ అక్కడిదాకా బండ్లు ఎక్కే బాట వేసింది. మన మెదక్ చర్చి గంటల గోపురం 175 అడుగులు. సముద్రమట్టం నుంచి అలాంటివి ఒకదానిమీద ఒకటి 110 పేర్చినా కనుమ అందదు, ఇంకో 150 అడుగులు కావాలి. 2014లో తెలంగాణ బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది కదా. ఆమె బయలుదేరిన టిబెట్ వైపు బేస్ క్యాంపు కన్నా ఈ రోడ్డే 700 మీటర్లకు పైగా ఎత్తు!

పాపం, మాజీ విజేతది కూడా ఆ పక్కనే. ఉమ్లింగ్ లా, 19,024 అడుగులు. బొలీవియాలోని ఉతురుంకు అగ్నిపర్వతం రోడ్డును (18,953) కేవలం 71 అడుగుల తేడాతో ఓడించి 2021లో గిన్నిస్ పత్రం అందుకుంది. నాలుగేళ్లకే ఇంటి పక్కవాడి చేతిలో ఓడింది.

ఇక ఖార్దుంగ్ లా సంగతి. ఏళ్ల తరబడి అక్కడి బోర్డు మీద 18,380 అడుగులు అని రాసి ఉండేది. జీపీఎస్‌తో కొలిస్తే తేలింది 17,582. దాదాపు 800 అడుగులు గాలిలో కలిసిపోయాయి! అయినా అక్కడ ఫొటో దిగనిదే లేహ్ యాత్ర పూర్తయినట్టు ఎవరూ ఒప్పుకోరు.

గాలి విషయంలో కనిష్ఠ రికార్డు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ పొలాలు సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తున ఉన్నాయి. హాన్లే ఊరు సుమారు 4,300 మీటర్లు. పటాన్‌చెరులో ఒక్క గుక్కకు అందే ఆక్సిజన్‌లో హాన్లేలో మూడింట రెండు వంతులు కూడా అందదు. మిగ్ లా మీదైతే సగమే. హాన్లేలో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. అందుకే కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు, పొయ్యి మీద ఎంతసేపు ఉంచినా పలుకు పలుకే. సంచిలో వేసుకెళ్లిన చిప్స్ ప్యాకెట్ నాలుగు అంచులూ బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగుతుంది.

హడావుడికి మాత్రం అక్కడ చోటు లేదు. విమానం దిగే లేహ్‌లోనే రెండు రోజులు ఆగాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యుల లెక్క. సెలవు నాలుగు రోజులే ఉందంటే ఈ లోయ జోలికి పోకపోవడమే మేలు.

హాన్లేలో అన్నిటికన్నా భారీ వింత, గామా కిరణాలను పట్టే మేస్ టెలిస్కోపు. అద్దాల పళ్లెం వెడల్పు 21 మీటర్లు. అద్దపు పలకలు 356. కెమెరా ఒక్కటే 1,200 కిలోలు, అందులో 1,088 కాంతి కళ్లు. మొత్తం బరువు 180 టన్నులు. ఇంత భారమూ ఆరు చక్రాల మీద, 27 మీటర్ల వెడల్పున్న గుండ్రటి పట్టాపై గిర్రున తిరుగుతుంది. భాభా అణు పరిశోధన కేంద్రం కోసం దీన్ని కట్టడంలో చేయి వేసింది ఎవరో కాదు, మన హైదరాబాద్ ఈసీఐఎల్. 2024 అక్టోబరు 4న, ఇక్కడ వాడవాడలా బతుకమ్మ ఆడుతున్న రోజుల్లో, అక్కడ ప్రారంభోత్సవం జరిగింది. ఈ తరహా చెరెంకోవ్ టెలిస్కోపుల్లో ఆసియాకు ఇదే పెద్దన్న. నమీబియాలో 28 మీటర్లది ఉన్నమాట నిజమే కానీ, అది ఉన్నది 1,800 మీటర్ల ఎత్తున. ఇంత పెద్దవాటిలో ఎత్తు విషయంలో ప్రపంచంలోనే మేస్‌కు సాటి లేదు. పోలికకు మన ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్ టెలిస్కోపును చూడండి. 1960ల చివర్లో దేశానికే గర్వకారణమైన దాని అద్దం 48 అంగుళాలు, అంటే మీటరుంపావు కూడా లేదు.

ఇంత పెద్ద పళ్లెం పట్టేదేమో అతి చిన్న మెరుపు. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణం నేలదాకా రాదు. పైగాలిని ఢీకొని కణాల జల్లుగా విరిగిపోతుంది. ఆ జల్లు చిమ్మే నీలి వెలుగు ఉండేది సెకనులో వందకోట్లవ వంతులు కొన్నే! కనురెప్ప ఒక్కసారి పడి లేచేలోపు అలాంటి మెరుపులు కోట్లు పట్టేంత సమయం ఉంటుంది. సుమారు 20 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన గామా కిరణాలను మేస్ ఇప్పటికే పసిగట్టింది.

చీకటికీ ఒక ఛాంపియన్! దేశంలో తొలి చీకటి ఆకాశ అభయారణ్యం హాన్లేదే. 2022లో ప్రకటించారు. విస్తీర్ణం 1,073 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్‌ఎంసీకి ఒకటిన్నర రెట్లు పైమాటే. రాత్రయితే కిటికీలకు ముదురు తెరలు. బండ్లకు హైబీమ్ నిషేధం. ఏడాదికి 250కి పైగా రాత్రులు నక్షత్రాలను చూడటానికి పనికొస్తాయి. పాశమైలారం ఫ్యాక్టరీల లైట్ల కింద నైట్ షిఫ్టు చేసేవాళ్లకు ఆ చీకటిని ఊహించడమే కష్టం.

వాన లెక్కలోనూ ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా. పటాన్‌చెరులో ఏటా సగటున 900 మిల్లీమీటర్ల వాన. హాన్లేలో వంద కూడా దాటదు. భాద్రపదంలో మనం ఇంకా గొడుగు మడవం, అక్కడ ఆకాశం కడిగిన పలకలా ఉండి రాత్రిళ్లు సున్నా కిందికి జారుతుంటాయి. చలికాలంలో మైనస్ 25 మామూలే. అలాంటి చలి మన పటాన్‌చెరులోనూ ఒకచోట దొరుకుతుంది. ఇక్రిశాట్ జీన్ బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలను దీర్ఘకాలం దాచే గదుల్లో ఏడాది పొడుగునా మైనస్ 20 డిగ్రీలే.

ఉక్కు వీరుడు: సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే యుద్ధ వాహనం సారథ్ (బీఎంపీ-2). బరువు 14 టన్నుల పైన, రోడ్డు మీద వేగం గంటకు 65 కిలోమీటర్లు, నీళ్లలో దిగితే ఈదుతుంది కూడా. 2020లో తూర్పు లడఖ్ సరిహద్దున ట్యాంకుల సరసన నిలిచింది ఈ బండే.

లోయలో అతి పొడవైన అతిథి నల్లమెడ కొంగ. నిలబడితే నాలుగడుగుల పైన. కొంగల్లో ఇంత ఎత్తైన మంచు నేలల్లో కాపురం పెట్టేది ఇదొక్కటే. మన దేశంలో గుడ్లు పెట్టేది లడఖ్‌లోనే. అన్నిటికన్నా సన్ననిది ఇక్కడి మేకల పష్మీనా. ఒక్కో పోగు 12 నుంచి 15 మైక్రాన్లు. మన తలవెంట్రుకలో నాలుగో వంతు ఉంటుందేమో.

చివరి కిరీటం రెక్కలకు. బార్ హెడెడ్ గూస్, తల వెనక రెండు నల్ల చారలున్న బాతు. ఉపగ్రహ ట్యాగుతో కొలిస్తే ఎగిరిన ఎత్తు 7,290 మీటర్లు. మిగ్ లా రోడ్డు దీనికి 1,300 మీటర్లకు పైగా దిగువనే ఉండిపోతుంది! హిమాలయాన్ని ఎక్కడానికి ఏడెనిమిది గంటలు చాలు, లేహ్‌లో రెండు రోజుల విశ్రాంతి అక్కర్లేదు. లడఖ్ చిత్తడి నేలల్లో పిల్లలు చేసే ఈ జాతి శరత్కాలంలో దక్షిణానికి దిగుతుంది. హాన్లేకు పర్మిట్, విమాన టికెట్, వారం సెలవు మూడూ కుదరనివాళ్లు చలికాలంలో బైనాక్యులర్ పట్టుకుని సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యం వైపు వెళ్లండి. అక్కడికి వచ్చే వలస పక్షుల్లో ఇదీ ఒకటి. ఒడ్డున ఎండ కాగే మొసళ్లను మాత్రం కాస్త చూసుకోవాలి.