మీ అబ్బాయిని నర్సింగ్‌కు పంపుతారా?

వార్డులో ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు వినిపించే పిలుపు "సిస్టర్!" అనే. మగ నర్సు ఎదురుగా నిలబడి ఉన్నా కొందరు పెద్దలు అలవాటుకొద్దీ సిస్టర్ అనేసి, నాలుక కరుచుకుని "బ్రదర్" అంటారు. కేంద్ర ప్రభుత్వం 2016లో తన ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు అనే పేరును నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. ఆ పేరులో ఆడా మగా తేడా లేదు. ఇళ్ళలో మాట మాత్రం ఇంకా మారలేదు. "అది ఆడపిల్లల చదువురా" అన్న ఒక్క మాటతో ఇంటర్ పాసైన మంచి కుర్రవాళ్ళు మా స్కూలు గుమ్మం దాకా వచ్చి వెనక్కు పోతున్నారు.

ఈ పని మొదటినుంచీ ఆడవారిదేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పదహారవ శతాబ్దంలో ఇటలీలో కమిల్లస్ అనే ఆయన, ముందు సైనికుడు, జూదగాడు కూడా, రోమ్ ఆసుపత్రుల్లో రోగుల సేవ కోసం మగవారితోనే ఒక సంఘం పెట్టాడు. వారి అంగీల మీద ఎర్రటి సిలువ ఉండేది. 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ లండన్‌లో స్కూలు పెట్టిన తరువాత నర్సింగ్ మర్యాదస్తుల ఇంటి ఆడపిల్లలు చేయగల ఉద్యోగమైంది. అది గొప్ప మేలే. అయితే మగవారికి తలుపు దాదాపు మూసుకుపోయింది. బ్రిటన్ నర్సుల కాలేజీ సంఘం 1916లో మొదలైతే, మగవారిని సభ్యులుగా చేర్చుకున్నది 1960లో. అమెరికా సైన్యం నర్సుల విభాగంలోకి 1955లో గాని మగవారు రాలేదు.

అమెరికాలోనే మిసిసిపీ రాష్ట్రంలో జో హోగన్ అనే మగ నర్సు, తన ఊళ్ళో ఉన్న మహిళా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ డిగ్రీకి దరఖాస్తు చేస్తే మగవాడివని తిప్పి పంపారు. 1982లో సుప్రీం కోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో అతని పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసింది ఆ కోర్టులో మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్. నర్సింగ్ ఆడవారి పని మాత్రమేనన్న పాత అభిప్రాయాన్ని ఇలాంటి నిబంధన ఇంకా బలపరుస్తుందని ఆమె అభిప్రాయం.

మన మిషన్ ఆసుపత్రుల్లో అందరికీ తెలిసిన వేలూరు కథ దీనికి తిరగేసిన కథ. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఐడా స్కడర్‌ను అడిగారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని తీసుకువెళ్ళమంటే, మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె వైద్యం చదివి తిరిగివచ్చి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడవారికి వైద్య పాఠశాల మొదలుపెట్టింది. అక్కడ వైద్య విద్యలో మగవారిని చేర్చుకున్నది 1947లో. ఈ కథను ఆడ డాక్టర్లు కావాలనడానికే చెప్పుకుంటాం. నేను అందులో మరో సంగతి కూడా చూస్తాను. రోగి సిగ్గు ప్రాణం మీదికి తెస్తుంది.

మగవారికి సిగ్గు ఉండదని ఎవరన్నారు? మేల్ సర్జికల్ వార్డుకు వచ్చి చూడండి. వరిబీజం ఆపరేషన్ అయిన రైతు, మనవరాలి వయసున్న నర్సు డ్రెస్సింగ్ ట్రేతో వస్తే దుప్పటి మెడదాకా లాక్కుంటాడు. ప్రోస్టేట్ ఉన్న పెద్దాయన మూత్రం గిన్నె అడగలేక నీళ్ళు తాగడమే మానేస్తాడు. పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుడుతున్నా "ఏం లేదమ్మా" అంటాడు. నైట్ డ్యూటీ బ్రదర్ మంచం పక్కన కూర్చుని "తాతా, ఒంటికెళ్ళి ఎంతసేపైంది?" అంటే చాలు, సంగతంతా బయటికి వస్తుంది. చివరికి కాథెటర్ వేయవలసి వచ్చినా అంత బాధ ఉండదు. ఆడవారికి ఆడ నర్సు కావాలని మనం ఎంత సులభంగా ఒప్పుకుంటామో, దీన్నీ అంతే సులభంగా ఒప్పుకోవాలి కదా!

"మగపిల్లలైతే బరువులెత్తడానికి పనికొస్తారు" అని మా స్టాఫే అంటుంటారు. నాకది నచ్చదు. రోగిని మంచం మార్చడం కండబలం పని కాదు. కింద డ్రా షీట్ వేసి, మోకాళ్ళు వంచి, ఇద్దరు ముగ్గురు ఒక్క మాట మీద కదిలితే సన్నటి అమ్మాయి కూడా చేస్తుంది. ఆ పద్ధతి తెలియని పహిల్వాన్ నడుము పట్టేసుకుంటాడు. అబ్బాయిని ఆర్థో, క్యాజువాల్టీలకే కట్టిపడేస్తే అతను సగం నర్సుగానే మిగిలిపోతాడు. జీఎన్ఎమ్ సిలబస్‌లో అబ్బాయిలకూ ప్రసూతి శాస్త్రం ఉంది. లేబర్ వార్డులో తల్లి అనుమతి తీసుకుని, పక్కన సిస్టర్ ఉండగా నేర్చుకుంటారు. ఆ తల్లి వద్దంటే బయటికి వచ్చేస్తారు, అంతే.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి మొదటి ఏడు సెలవుల్లో ఊరికి వెళ్ళి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేస్తున్నానని చెప్పుకున్నాడు. తల్లికి తెలుసు, ఆమె కూడా అదే చెప్పేది. రెండో ఏడు ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన ఆపరేషన్‌కు మా ఆసుపత్రిలోనే చేరాడు. ఎనిమిది రోజులు డ్రెస్సింగ్ చేసింది ఈ అబ్బాయే. ఊళ్ళో నిజం చెప్పింది ఆ పెద్దమనిషి. చెప్పిన తీరు ఎలాంటిదంటే, మరుసటి ఏడు అదే వీధి నుంచి ఇంకో కుర్రవాడు అప్లికేషన్‌తో వచ్చాడు.

జీతం గురించి తండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముల్లో జీతాలు తక్కువే, దాచను. ప్రభుత్వ నోటిఫికేషన్ చూసేటప్పుడు మగవారికి ఎన్ని పోస్టులున్నాయో ముందే చదువుకోవాలి. 2019లో ఎయిమ్స్ సంస్థలు నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు కేటాయించాలని నిర్ణయించాయి. విదేశాలకు వెళ్ళాలనుకుంటే ఇంగ్లీషు పరీక్ష మీద మొదటి ఏడు నుంచే శ్రద్ధ పెట్టాలి. ఇక పెళ్ళి సంబంధాల సంగతి. నర్సు భర్తను చేసుకున్న అమ్మాయిల్లో ఇంట్లో జ్వరం వస్తే ఒంటరిగా మేలుకున్నవారిని నేనింకా చూడలేదు!

జీఎన్ఎమ్ మూడేళ్ళ డిప్లొమా. ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా 40 శాతం మార్కులతో చేరవచ్చు. నేను చదివిందీ డిప్లొమాయే. తరువాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ళు చేసుకోవచ్చు. నేరుగా నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్‌కు వెళ్ళాలంటే బైపీసీ చదివి ఉండాలి. స్కూలుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. కొన్ని స్కూళ్ళు ఇప్పటికీ అమ్మాయిలనే తీసుకుంటాయి. తీసుకునే చోట కూడా అబ్బాయిలకు హాస్టల్ ఉందా, లేక బయట గది చూసుకోవాలా అన్నది చేరకముందే అడిగి తెలుసుకోండి. పాత నర్సింగ్ హాస్టళ్ళు చాలావరకు అమ్మాయిల కోసమే కట్టినవి.