అన్నిటికన్నా దూరాన పేలిన నక్షత్రం

మన తెలుగువారు నేడు ఎక్కడెక్కడో ఉన్నారు. తాత ముత్తాతలు కోరంగి రేవులో ఓడలెక్కి చెరకు తోటలకు వచ్చారు. నేటి యువకులు విమానాలెక్కి ఖతారుకు ఉద్యోగాలకు వెళుతున్నారు. ఒకే జాతివారమైనా, అందరికీ కనపడే ఆకాశం ఒకటి కాదు. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశాన ఒక నక్షత్రం పేలింది. 1604 తరువాత దుర్భిణి లేకుండా కంటికి కనపడిన నక్షత్ర విస్ఫోటనం అదే. మారిషస్‌లోను, దక్షిణాఫ్రికాలోను తల ఎత్తి చూసిన వారికి అది దక్కింది. ఖతారు రాజధాని దోహాలో మాత్రం అది ఒక్క రాత్రి అయినా ఉదయించలేదు. అంత ఉత్తరాన ఉన్నవారికి ఆకాశంలోని ఆ భాగం ఎప్పుడూ నేల అంచు కిందనే ఉండిపోతుంది.

ఆ నక్షత్రం సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరాన ఉంది. అనగా 1987లో చేరిన వెలుగు 1,68,000 ఏళ్ల క్రితం బయలుదేరినది. ఊరి నుంచి జాబు చేరేలోగా వ్రాసినవారు కాలం చేయడం మన పెద్దలకు తెలిసిన సంగతే. నక్షత్రాల వెలుగు అటువంటి జాబే.

సూపర్నోవా వెలుగును కూడా శాస్త్రజ్ఞులు చూడగలిగిన నక్షత్రాలలో అతి పాతదాని జాబు 2025 మార్చి 14న వచ్చింది. ఫ్రాన్సు, చైనా కలిసి 2024లో పంపిన స్వోమ్ ఉపగ్రహం ఆ రోజున గామా కిరణాల మెరుపొకటి పట్టుకున్నది. చాలా బరువైన నక్షత్రం ఇంధనం అయిపోయి తనలోనికి తానే కూలిపోయేటప్పుడు ఒక్కొక్కసారి ఇటువంటి మెరుపు వస్తుంది. చిలీ దేశంలోని పెద్ద దుర్భిణితో దాని దూరం కొలిచారు. విశ్వం పుట్టి 73 కోట్ల సంవత్సరాలే అయిన నాటి పేలుడు అది! ఆ వెలుగు 1300 కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసింది. అది బయలుదేరిన నాటికి భూమి లేదు, సూర్యుడూ లేడు. అంతకు ముందరి రికార్డు విశ్వానికి 180 కోట్ల ఏళ్ల వయసున్నప్పటిది.

ఇంత దూరం ఎలా కొలిచారని పాఠకులు అడగవచ్చు. గొలుసు పట్టి కొలిచేది కాదు గదా! విశ్వం వ్యాకోచిస్తున్నది. దారిలో ఉన్న వెలుగు అలలు కూడా దానితోపాటు సాగిపోయి ఎరుపు వైపుకు జరుగుతాయి. ఎంత ఎక్కువ సాగితే అంత ఎక్కువ దూరం. ఈ వెలుగు అలలు 8 రెట్లకు పైగా పొడవై, మన కంటికి ఆనని పరారుణ కాంతిగా మారాయి. అందుకే, ఆ కాంతిని చూడడానికే కట్టిన జేమ్స్ వెబ్ దుర్భిణి అవసరమైంది.

అన్నిటికన్నా వింత మరొకటి ఉంది. అలలతోపాటు కాలమూ సాగుతుంది. అక్కడ ఒక రోజులో జరిగినది మనకు కనపడడానికి 8 రోజులకు పైగా పడుతుంది. పేలుడు వెలుగు పెరిగి నిండుగా కావడానికి మన లెక్కన నెలలు పడుతుందని గుణించి, జూలై 1న వెబ్‌ను అటు తిప్పారు. మనకు గడిచినవి 109 రోజులు. అక్కడ గడిచినవి 13 రోజులే. అనుకున్నట్టే వెలుగు కనపడింది. ఫలితాలు డిసెంబరులో ప్రకటించారు.

తొలినాటి నక్షత్రాలలో ఇనుము వంటి బరువైన మూలకాలు బహు తక్కువ కనుక, అవి పేలే తీరు వేరుగా ఉండవచ్చునని అనుకున్నారు. తీరా చూస్తే, దగ్గరలో పేలే నక్షత్రాలనే పోలి ఉంది. ఒక్కదానిని చూసి తీర్పు చెప్పడం తొందరపాటే. పైగా అది ఉన్న గెలాక్సీ వెలుగు కూడా అందులో కలిసి ఉంది. పేలుడు చల్లారాక మరొకసారి చూసి, దానిని తీసివేస్తేగాని లెక్క తేలదు.

ఖతారులో ఖగోళ విద్య లేదనుకోరాదు. అక్కడి శాస్త్రజ్ఞుడు ఖాలిద్ అల్ సుబాయి బృందం 2010లో మరొక సూర్యుని చుట్టూ తిరిగే గ్రహాన్ని కనిపెట్టి, ఖతారు-1బి అని పేరు పెట్టింది. చూసిన కెమెరాలు మాత్రం అమెరికాలోని న్యూమెక్సికోలో ఉన్నాయి.

దోహావారికీ మనకూ కూడా కనపడే నక్షత్రమొకటి ఉంది: ఆర్ద్ర. ఇంగ్లీషులో దానికున్న బెటెల్జూస్ అన్న పేరు అరబ్బీ నుంచి వచ్చినదే. జనవరి రాత్రులలో దోహాలో దక్షిణంగా, మారిషస్‌లో ఉత్తరంగా చూస్తే ఎర్రగా కనపడుతుంది. అదీ ఒకనాటికి పేలేదే. దూరం కొన్ని వందల కాంతి సంవత్సరాలు కనుక, నిన్న రాత్రి పేలి ఉన్నా ఆ జాబు అందుకునేది మనం కాదు.