పాత మాడ్యూలు, కొత్త పెట్టె

వీరపునాయునిపల్లె వైపు చెక్కభజన పాడే పెద్దవాళ్ళ గొంతు పదిలపరుద్దామని మైకు పెట్టామనుకోండి. పాటకంటే ముందు వినపడేది ‘గుయ్’మనే రొద! ఎందుకని?

మైకు ఇచ్చేది ఏ మిల్లీవోల్టో. దాన్ని సుమారు వెయ్యి రెట్లు, అంటే 60 డెసిబెల్స్, పెంచేదే ప్రీయాంప్లిఫయరు. మైకు తీగలో దూరిన రొద కూడా పాటతోబాటే పెరుగుతుంది.

ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ కంపెనీ 1970లో తెచ్చిన 1073 వంటి మాడ్యూళ్ళు, పాత మిక్సింగు బల్లల నుంచి ఊడదీసినవి, నేటికీ పనిచేస్తున్నాయి. 24 వోల్టుల డి.సి. సప్లయి కట్టి, 19 అంగుళాల ర్యాకులో బిగించుకోవచ్చు. ముందు ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చాలి. కండెన్సర్ మైకయితే 48 వోల్టులు కూడా కావాలి. రెండు సిగ్నలు తీగలకూ సరిసమానమైన 6.8 కిలో ఓముల రెసిస్టర్ల ద్వారా ఇవ్వాలి.

పవర్ ట్రాన్స్‌ఫార్మరును మాడ్యూలు పక్కనే పెట్టారో, దాని అయస్కాంత క్షేత్రం మైకు ట్రాన్స్‌ఫార్మరులో దూరి 50 హెర్ట్జ్ రొద పుట్టిస్తుంది. దాన్ని విడి పెట్టెలో, దూరంగా ఉంచాలి.

అయినా రొద పోలేదా? “మెయిన్సు ఎర్తు తీగ పీకెయ్, పోతుంది” అనే మిత్రులుంటారు. ఒక్కోసారి పోతుంది కూడా. కాని లోపల ఇన్సులేషను దెబ్బతిన్ననాడు 230 వోల్టులు పెట్టె రేకు మీదుగా మైకు దాకా వస్తాయి. పాడేవారి పెదవి ఆనేది అక్కడే! ఎర్తు ఉండాల్సిందే. సిగ్నలు గ్రౌండును పెట్టెకు ఒకేచోట కలిపి, రొద ఎక్కణ్ణించి వస్తోందో ఓపిగ్గా వెతకండి.

పాట కోసం పాడేవాణ్ణి పణం పెట్టరాదు.