శత్రువుతోనే శిక్షణ

ప్రయోగశాలల్లో 'కె562' అనే పేరుతో పెరుగుతున్న జీవకణాలు ఒకనాడు 53 ఏళ్ళ మహిళ శరీరంలోనివి. ఆమెకు సోకిన రక్త కాన్సర్ ముదిరి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. ఆ నీటిలో దొరికిన కాన్సర్ కణాలను అమెరికాలోని టెన్నెస్సీ విశ్వవిద్యాలయంలో కార్మెన్ లోజియో, బిస్మార్క్ లోజియో పెంచి, 1975లో ఆ వివరాలను ప్రచురించారు. ఆమె పేరు లోకానికి తెలియదు. కణాలు మాత్రం నేటికీ విభజన చెందుతూనే ఉన్నాయి.

పరిశోధకులు వీటిని ఇంతగా ఎందుకు కోరుకుంటారు? వాటికి ఉన్నదాని కంటే లేనిదే అందుకు కారణం. మన కణాలన్నీ దాదాపుగా హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లను గుర్తింపు కార్డులా పైన ధరించి ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాల కంట పడకుండా కొన్ని కాన్సర్ కణాలు ఆ కార్డును దాచేస్తాయి. అయితే 'సహజ హంతక కణాలు' అనే మరో దళం కార్డు లేనివారినే అనుమానిస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త క్లాస్ కారె 1980లలో వివరించిన సూత్రం ఇదే. కె562పై ఆ కార్డు దాదాపు ఉండదు కనుక హంతక కణాలు దాన్ని ఇట్టే చంపుతాయి. హెచ్‌ఎల్‌ఏ-ఇ అనే ఒక్క రకాన్ని చేర్చి చూస్తే, ఆ దళంలో కొన్ని కణాలు దాన్ని విడిచిపెడతాయి.

చంపాలంటే ముందు పట్టుకోవాలి. ఆ పట్టు తెల్లకణాలపై ఉండే ఎల్‌ఎఫ్‌ఏ-1 అనే ప్రోటీన్‌ది. కె562కు సహజంగా అది లేదు. అందుకే దాని జన్యువులను ఈ కణాల్లో ప్రవేశపెట్టి, ఆ పట్టు ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు సడలుతుందో విడిగా పరిశీలించగలుగుతున్నారు. ఇది కేవలం ప్రయోగశాల ముచ్చట కాదు. ఈ ప్రోటీన్‌లో సగభాగాన్ని తయారుచేసే జన్యువు లోపిస్తే తెల్లకణాలు రక్తనాళపు గోడను పట్టుకుని బయటికి రాలేవు. అలాంటి శిశువుకు బొడ్డు ఆలస్యంగా ఊడుతుంది, పుండ్లు పడినా చీము పట్టదు, ఇన్ఫెక్షన్లు తిరగబెడతాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ట జన్యువు అందితేనే ఈ వ్యాధి వస్తుంది. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు సాధారణమైన మన కుటుంబాల్లో ఈ లక్షణాలు కనిపిస్తే, ఆ బంధుత్వాన్ని కూడా వైద్యునికి చెప్పడం అవసరమని మేము భావిస్తున్నాము. దాచవలసిన సంగతి కాదది.

2005లో అదే టెన్నెస్సీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు కె562ను శిక్షకునిగా మార్చారు. హంతక కణాలను ఉత్తేజపరిచే రెండు ప్రోటీన్లను దానిపై అమర్చారు. రేడియేషన్‌తో దాని విభజన శక్తిని అణచివేసి, ఆపైన హంతక కణాలతో కలిపారు. అవి విస్తారంగా వృద్ధి చెందాయి. తమను పెంచిన ఆ కె562నే అవి చంపుతాయి కూడా.

హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కాన్సర్ కేంద్రం ఇటువంటి పద్ధతిలోనే బొడ్డుతాడు రక్తంలోని హంతక కణాలను పెంచి, జన్యు మార్పు చేసి, లింఫోమా, లుకీమియా రోగులకు ఇచ్చింది. 2020లో వెల్లడైన ఫలితాల ప్రకారం 11 మందిలో 8 మందికి చికిత్స పనిచేసింది, వారిలో 7 మందిలో కాన్సర్ జాడ కనిపించలేదు. పదకొండు మంది ఫలితాన్ని చూసి దీన్ని సిద్ధౌషధమని మేము అనలేము. ఇప్పటికే అందుబాటులో ఉన్న వైద్యాన్ని దీనికోసం ఎవరూ వాయిదా వేసుకోరాదు.