పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంట్లో అబ్బాకో, దాదీకో పేస్‌మేకర్ వేశాక మొదట వచ్చే డౌట్ సెల్‌ఫోన్ గురించే. ఎక్కువమంది సిగ్నల్‌కి భయపడతారు. ఇప్పటి ఫోన్లలో సిగ్నల్ కంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది అయస్కాంతాన్ని.

పేస్‌మేకర్ లోపల అయస్కాంతాన్ని పసిగట్టే ఏర్పాటు ఉంటుంది. అది లోపం కాదు, కావాలనే పెట్టారు. ఆపరేషన్లప్పుడు, చెకప్‌లప్పుడు డాక్టర్లు ఛాతీ మీద అయస్కాంతం ఉంచి దాని పనితీరు మారుస్తారు. అప్పుడు చాలా పేస్‌మేకర్లు గుండె సొంత లయను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టిస్తాయి. ఐసీడీ సంగతి ఇంకా సీరియస్. గుండె ప్రమాదకరంగా పరుగెత్తితే షాక్ ఇచ్చి ప్రాణం నిలబెట్టే మిషన్ అది. అయస్కాంతం పక్కనే ఉన్నంతసేపు సాధారణంగా ఆ షాక్ ఇవ్వదు. అవసరం పడేదాకా ఆ సంగతి మనిషికి తెలియకపోవచ్చు కూడా.

2021లో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి డాక్టర్లు ఐఫోన్ 12ని ఒక పేషెంట్ ఛాతీ దగ్గరికి తెస్తే సరిగ్గా ఇదే జరిగింది. ఆ ఫోన్ వెనక చార్జింగ్ కోసం అయస్కాంతాలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. అదే ఏడాది అక్కడి ఎఫ్‌డీఏ, ఫోన్లూ స్మార్ట్‌వాచీలూ పరికరానికి 6 అంగుళాల దూరంలో ఉంచమంది. వైర్‌లెస్ చార్జింగ్ అవుతుంటే 30 సెంటీమీటర్లు అని యాపిల్ చెబుతోంది. మన లెక్కలో మామూలుగా జానెడు, చార్జింగ్‌లో ఉంటే అడుగు దూరం అనుకోండి.

మన దగ్గర ఐఫోన్ లేదు కదా అని ఊరుకోవద్దు. మాగ్నెట్‌తో మూసుకునే ఫోన్ కవర్లు, ఇయర్‌బడ్స్ డబ్బాలు ఏ షాపులోనైనా దొరుకుతున్నాయి. నమాజుకి వెళ్లేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టి కుర్తా పైజేబులో వేసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. పరికరం ఎక్కువగా ఉండేది అక్కడే, ఎడమ భుజం కింద. పక్కజేబు మేలు. తిలావత్ వింటూ ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని నిద్రపోవడమూ వద్దు. ఆడవాళ్లు హిజాబ్‌కి పెట్టుకునే మాగ్నెట్ పిన్నులు చిన్నవే గానీ బలమైనవి. పరికరం ఉన్నవాళ్లు మామూలు పిన్ను వాడటం మంచిది.

టీవీ, మిక్సీకి భయం లేదు. ఇండక్షన్ పొయ్యికి మాత్రం 2 అడుగుల దూరంలో నిలబడాలి. ఉమ్రాకి వెళ్తే ఎయిర్‌పోర్టులో పేస్‌మేకర్ కార్డు చూపించి, గేటు దగ్గర ఆగకుండా నడిచేయండి. చేతి డిటెక్టర్‌ని ఛాతీ మీద ఆపి ఉంచొద్దని చెప్పండి.

ఏదైనా వస్తువు దగ్గర కళ్లు తిరిగినట్టు, దడగా అనిపిస్తే వెంటనే దూరం జరగండి. చాలావరకు పరికరం తిరిగి మామూలుగా పనిచేస్తుంది. అయినా డాక్టరుకి చెప్పాలి. కార్డు ఫొటో ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి.