కోనసీమ సామాజిక పరిణామాలు – తొలి కౌమారంలో మూర్తిమత్వ వికాసం

మూర్తిమత్వం ఇంటిలో మొదలై ఊరిలో రూపుదిద్దుకుంటుంది. ఎరిక్ ఎరిక్సన్ పన్నెండు నుండి పద్దెనిమిదేళ్ల మధ్యకాలాన్ని ‘నేనెవరు’ అనే ప్రశ్నకు సమాధానం వెదికే దశగా గుర్తించాడు. ఆ ఆలోచనను విస్తరించిన జేమ్స్ మార్సియా 1966లో ఒక ముఖ్యమైన భేదాన్ని చూపాడు. కొందరు వెదికి తమ గుర్తింపును పొందుతారు. మరికొందరు వెదకకుండానే పెద్దలు చేతికిచ్చిన గుర్తింపును స్వీకరిస్తారు. ఈ రెండవ స్థితి పైకి పరిణతిలాగే కనిపిస్తుంది. కోనసీమలో ప్రధానంగా పరిశీలించవలసినది దీనినే.

గౌతమి, వసిష్ఠ పాయలకూ సముద్రానికీ నడుమనున్న ఈ సీమలో వరి, కొబ్బరి జీవనాధారాలే కాక పిల్లల శిక్షణకు ఆలంబనలు కూడా. ఏ వయసుకు ఏ పని, ఎవరి మాటకు ఎంత విలువ అన్నవి కళ్లంలోను, కొబ్బరి దింపు వద్దను తెలిసేవి. (కులభేదం, స్త్రీపురుషభేదం కూడా ఆ శిక్షణలోని పాఠాలే, గతకాలపు గ్రామాన్ని ఆదర్శంగా చిత్రించడం తగదు.) 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలను బీడు పెట్టారు. సేద్యం గిట్టదని తండ్రే బహిరంగంగా చెప్పిన తరువాత, కుమారునికి ఆ పాత్ర ఆదర్శం కాజాలదు. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలను యువకులు నేటికీ పొలాలకు అడ్డంగా మోసుకువస్తారు. అయితే అది ఒక్కనాటి పాత్ర.

గల్ఫ్ వలస ఈ మార్పును ఇంటి లోపలికి తెచ్చింది. వలస అనగానే తండ్రి దూరమవడమే స్ఫురిస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుండి కువైట్ మొదలైన దేశాలకు ఇంటిపనికై వెళ్లేవారిలో స్త్రీలు ఎందరో ఉన్నారు. పిల్లలు అమ్మమ్మ వద్దనో, మామ్మ వద్దనో పెరుగుతారు. వీడియో కాల్‌లో తల్లికి మార్కులు తెలుస్తాయి, మధ్యాహ్నాలు తెలియవు. ఇటువంటి ఇంట పెద్దకూతురు పన్నెండు, పదమూడేళ్లకే వంట, తమ్ముళ్ల చదువు, బ్యాంకు పని చూసుకోవలసి రావచ్చు. ఊరు ఆమె పెద్దరికాన్ని మెచ్చుకుంటుంది. ఆమెకు మాత్రం వెదుకులాటకు వ్యవధి లేదు. మార్సియా చెప్పిన స్థితి ఇదే, మెప్పు ముసుగులో. బాలుని స్థితి భిన్నం. అతనికి సెల్‌ఫోన్ అందుతుంది, బాధ్యత అందదు. ‘తల్లి దగ్గర లేక చెడిపోయాడు’ అనే వ్యాఖ్య కారణాన్ని తల్లిపై మోపి, అతనికి ఏ పాత్రనూ మిగల్చని సమాజాన్ని విడిచిపెడుతుంది.

ఆ ఖాళీలో సులభంగా లభించే గుర్తింపు కులం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దాని పేరుకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును చేర్చే ప్రతిపాదనకు వ్యతిరేకంగా మే 24న అమలాపురంలో జరిగిన నిరసన హింసాత్మకమైంది. మంత్రి, శాసనసభ్యుల ఇళ్లకు నిప్పు పెట్టారు. ఇంటర్నెట్ సేవలు నిలిపివేశారు. పాల్గొన్నవారిలో యువకులు అనేకులు. దీనిని కేవలం రాజకీయ ఘటనగా చూస్తే, దాన్ని ఇంటి గుమ్మం నుండి చూసిన పిల్లలు లెక్కలోకి రారు. తమ వీధి ఏ పక్షమో, తరగతిలో పక్కన కూర్చునే మిత్రుడు ఏ పక్షమో వారికి ఒకే వారంలో తెలిసింది. అడగకముందే సమాధానం వచ్చింది. ఆనాడు ఎనిమిదో తరగతిలో ఉన్నవారు నేడు కళాశాల వయసుకు వచ్చారు.